ఆంగ్లభాషాభ్యాసమున ఇంటిపాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయము నెలకొని ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున పుస్తకముల మహిమను గూర్చియు, దాతల ఔదార్యమును గూర్చియు పెద్దలు ప్రసంగించియున్నారు. ఈ ప్రసంగమునకు విషయము వానికంటె చిన్నది. ప్రతిదినము సాయంకాలమున ఊరిలోని బాలబాలికలు పుస్తకముల సంచి విప్పి, అరుగుమీద కూర్చుండి వ్రాయు ఆంగ్లభాషా ఇంటిపాఠమే ఆ విషయము. పిల్లలు దీనిని హోంవర్కు అందురు. చూచుటకు చిన్నదే గాని, పల్లెబిడ్డ పై చదువునకు పోవుటయు, మధ్యలో ఆగిపోవుటయు పెక్కుమారులు దీనినే యాశ్రయించియున్నవి.

ఇంటిపాఠము జరుగు తీరును ఒక్కసారి పరిశీలింతము. బాలుడు పాఠ్యపుస్తకమును ప్రక్కన బెట్టి గైడు తెరచును. ప్రశ్నయొక్క సంఖ్యను చూచును. జవాబుయొక్క సంఖ్యను చూచును. ముత్యాలవంటి అక్షరములతో నకలు దింపును. మరునాడు ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో సంతకము చేయును. ఆ సంతకమును జూచి తండ్రి సంతోషించును. బాలుడు, ఉపాధ్యాయుడు, తండ్రి ముగ్గురును తృప్తులే. కాని ఆ వ్రాసిన దానిలో ఒక్క వాక్యము చూపి, "నాయనా, దీని యర్థమేమి?" అని యడిగినచో బాలుడు తల వంచుకొనును. చేయి శ్రమపడినది; కన్ను శ్రమపడినది; బుద్ధి మాత్రము ఆ పనికి పిలువబడనే లేదు. ఇట్లు అయిదారేండ్లు గడచిన పిదప పరీక్షలో కొత్త వాక్యము కనబడినప్పుడు బాలుడు బెదరుట అతని దోషమా?

కావున ఇంటిపాఠమును ఎట్లు చేసినచో చదువుటయు వ్రాయుటయు నిజముగా అలవడునో తెలిసికొనవలెను. ఇందుకు లోకమున మంచి దృష్టాంతములు కలవు.

అమెరికా దేశమున బోస్టన్ నగరమునందు క్రీ. శ. 1706 లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అను నతడు జన్మించెను. తండ్రి క్రొవ్వువత్తులును సబ్బును చేసి అమ్ముకొనువాడు. సంతానము మెండు. ఫ్రాంక్లిన్ బడికి పోయినది రెండేండ్లయినను నిండలేదు. పదియేండ్ల ప్రాయముననే తండ్రి పనిలో సాయపడ వచ్చెను. పండ్రెండేండ్లకు అన్నగారి అచ్చుకూటమున పనివాడుగా కుదిరెను. ఆ దినములలో ఒక స్నేహితునితో ఒక విషయమును గూర్చి ఉత్తర ప్రత్యుత్తరములు నడపుచుండగా, ఆ యుత్తరములు తండ్రి కంటబడెను. తండ్రి వాదములోనికి దిగక, "నీ వర్ణక్రమము బాగున్నది, విరామచిహ్నములు బాగున్నవి, కాని చెప్పుటలో సొంపును, క్రమమును, స్పష్టతయు చాలవు" అను భావమును వెలిబుచ్చి, తావు తావున ఉదాహరణములు చూపెను. కుమారుడు కోపింపక ఆ లోపమును దీర్చుకొన నిశ్చయించెను.

అంతట అతనికి లండనులో 1711, 1712 సంవత్సరములలో వెలువడిన స్పెక్టేటర్ అను పత్రికయొక్క విడి సంపుటమొకటి దొరకెను. అందలి వ్యాసములు అతనికి మిక్కిలి నచ్చెను. అప్పుడతడు తనకు తానే ఇంటిపాఠము విధించుకొనెను. ఒక వ్యాసమును చదివి, ఒక్కొక్క వాక్యముయొక్క భావమును రెండు మూడు మాటలలో గుర్తుగా వ్రాసికొనెడివాడు. ఆ కాగితమును కొన్నిదినములు ప్రక్కన బెట్టెడివాడు. తరువాత పుస్తకము చూడక, ఆ గుర్తుల యాధారమున వ్యాసమంతయు తన మాటలలో తిరిగి వ్రాసెడివాడు. వ్రాసిన పిమ్మట మూలముతో సరిచూచి, తన తప్పులను కనుగొని దిద్దుకొనెడివాడు. మాటల సంపద చాలకున్నదని తోచినప్పుడు ఆ కథలను పద్యములుగా మార్చి, కొన్నాళ్లకు మరల వచనము చేసెడివాడు. ఒక్కొక్కప్పుడు గుర్తుల కాగితములను కలగాపులగము చేసి, కొన్ని వారముల తరువాత వానిని క్రమమున బేర్చి, భావముల నమర్చు విద్య నేర్చుకొనెడివాడు. ఇదంతయు చేయుటకు సమయమెప్పుడు? రాత్రి పని ముగిసిన పిమ్మటను, ఉదయము పని మొదలు గాకమునుపును, ఆదివారములందును.

గురువు లేడు, గైడు లేదు. మూలగ్రంథమే గురువు. ఇందలి రహస్యము రెండు మాటలలో నున్నది: పుస్తకమును మూసి వ్రాయుట, పుస్తకమును తెరచి సరిచూచుకొనుట. మన పిల్లలు చేయుచున్నది దీనికి తలక్రిందులు. వారు తెరచి వ్రాయుదురు; వ్రాసిన పిదప మూయుదురు; సరిచూచుట యన్నది లేనేలేదు.

పరభాష నేర్చువారికి ఇంతకంటె సన్నిహితమైన దృష్టాంతము ఇంగ్లండు దేశమున నున్నది. ఎలిజబెత్తు మహారాణికి బాల్యమున గురువైన రోజర్ ఆస్కమ్ అను పండితుడు స్కూల్ మాస్టర్ అను గ్రంథమును రచించెను. అది ఆయన మరణానంతరము 1570 లో అచ్చుపడినది. అప్పటి ఆంగ్లబాలురకు లాటిను భాష, నేటి మన బాలురకు ఆంగ్లమువలెనే, పరభాష. ఆస్కమ్ చెప్పిన పద్ధతి యిది: బాలుడు మొదట లాటిను పాఠమును గురువువలన చక్కగా తెలిసికొని, దానిని తన మాతృభాషలో ఒక పుస్తకమున వ్రాయవలెను. ఒక గంటసేపయినను ఆగి, మూలమును చూడక, తాను వ్రాసిన ఆంగ్లమును మరల లాటినులోనికి వేరొక పుస్తకమున మార్చవలెను. అప్పుడు గురువు ఆ రెంటిని ప్రక్క ప్రక్కన బెట్టి, మూలకర్త యేమాట వాడెను, బాలుడేమాట వాడెను, ఏలభేదము కలిగెను అని మృదువుగా బోధింపవలెను. బెత్తముతో విద్య రాదనియు, బాగుగా చేసినచోట మెచ్చుకొనవలెననియు ఆయన నొక్కి చెప్పెను. నాలుగువందల యేబది యేండ్లు గడచినను ఈ మాట పాతబడలేదు.

మరి యీ పద్ధతి మనకు కొత్తదా? కాదు. మన పూర్వులు కావ్యపాఠమును చెప్పిన తీరు స్మరింపుడు. పదచ్ఛేదము, ప్రతిపదార్థము, అన్వయము, తాత్పర్యము అని నాలుగు మెట్లు. పద్యమును రాగము తీసి చదివినంతమాత్రమున పాఠమైనట్లు గురువు అంగీకరింపడు. "క్రియ యేది?" అని యడుగును. "ఎవడు చేసెను? దేనిని చేసెను? ఎట్లు? ఎచ్చట?" అని ఒక్కొక్క ఆకాంక్షను లేవదీయును. శిష్యుడు పద్యములో చెల్లాచెదరుగా నున్న పదములను వెదకి తెచ్చి చేర్చును. ఈ అన్వయవిద్య ఆంగ్లమునకును చక్కగా పనికివచ్చును.

ఒక వాక్యమును దీసికొందము. "ది బాయ్ హూ కేమ్ ఎస్టర్ డే లెఫ్ట్ హిజ్ బుక్ అండర్ ది ట్రీ." క్రియ యేది? "లెఫ్ట్" - విడిచెను. ఎవడు? "ది బాయ్" - బాలుడు. ఏ బాలుడు? "హూ కేమ్ ఎస్టర్ డే" - నిన్న వచ్చినవాడు. దేనిని? "హిజ్ బుక్" - తన పుస్తకమును. ఎచ్చట? "అండర్ ది ట్రీ" - చెట్టు క్రింద. ఇప్పుడు తెలుగున వ్రాసినచో, "నిన్న వచ్చిన బాలుడు తన పుస్తకమును చెట్టు క్రింద విడిచెను" అగును. మరునాడు ఈ తెలుగు వాక్యమునే బాలుని చేతికిచ్చి, మూలము చూపక ఆంగ్లము చేయుమనిన యెడల రెండు భాషల భేదములన్నియు ఒక్కమారు బయటపడును. తెలుగున క్రియ వాక్యాంతమున నిలుచును. ఆంగ్లమున కర్తకును కర్మకును నడుమ నిలుచును. తెలుగున "క్రింద" అనునది చెట్టునకు వెనుక వచ్చును; ఆంగ్లమున ముందు వచ్చును. "నిన్న వచ్చిన" అను విశేషణము తెలుగున బాలునికి ముందు, ఆంగ్లమున తరువాత. "ది" అను మాటకు తెలుగున సరియైన పదమే లేదు. అందుచేత బాలుడు దానిని తప్పక మరచును. ఈ మరపును తానే కనిపెట్టిన దినమున బాలుడు నేర్చునది, పదిసార్లు నకలు వ్రాసిన దినమున నేర్వడు.

ఇట్టి భేదములు మరికొన్ని కలవు. మనకు "మేము" వేరు, "మనము" వేరు; ఆంగ్లమున రెంటికిని "వుయ్" ఒక్కటే. మనకు "నీవు" వేరు, "మీరు" వేరు. వారికి రెంటికిని "యూ" ఒక్కటే. అందుచేత ఆ భాషలో మన్ననను వేరు మాటలతో చూపవలసియుండును. "ఆమె వచ్చినది, ఆవు వచ్చినది" అని మనము ఒకే క్రియారూపమును వాడుదుము. కాన "షీ" యనుటకు మారు "ఇట్" అనియు, "ఇట్" అనుటకు మారు "షీ" యనియు తొట్రుపడు పిల్లలు కలరు. ఈ తొట్రుపాటు మందబుద్ధివలన కలిగినది గాదు. రెండు భాషల స్వభావభేదమువలన కలిగినది. ఈ సంగతి చెప్పినచో పిల్లలకు సగము భయము వదలును.

వర్ణక్రమము మరియొక కష్టము. తెలుగున పలికినట్లే వ్రాయుదుము. ఆంగ్లమున అట్లు గాదు. ఇరువదియారు అక్షరములతో అంతకు మించిన ధ్వనులను వ్రాయవలసి వచ్చినందున ఒక్కొక్క అక్షరము పెక్కు పనులు చేయును. "నైఫ్" అను మాటకు మొదట "కే" అను అక్షరముండును. పూర్వము దానిని పలికెడివారు, ఇప్పుడు పలుకరు, వ్రాత మాత్రము మారలేదు. ఇట్టి మాటలకు నాలుగు పనులు చేయవలెను: చూచుట, మూయుట, వ్రాయుట, సరిచూచుట. చూచుచు ఇరువదిసార్లు వ్రాయుటకంటె, మూసి మూడుసార్లు వ్రాయుట మేలు.

తప్పులను ఏమి చేయవలెను? లెక్కల పుస్తకములు నడపువారికి ఒక పద్ధతి తెలియును. ఏనాటి పద్దు ఆనాడు చిట్టాలో వ్రాయుదురు. పిమ్మట ఖాతాలవారీగా ఆవర్జాకు ఎక్కింతురు. చిట్టా చూచిన దినము తెలియును. ఆవర్జా చూచిన స్థితి తెలియును. ఇంటిపాఠమునకును ఒక చిన్న పుస్తకము ఇట్లు ఉంచవలెను. ముందు పుటలలో ఏనాటి తప్పు ఆనాడు తేదీతో వ్రాయవలెను. వారమునకొకమారు వెనుక పుటలలో "కాలము", "వర్ణక్రమము", "ది అను మాట", "పదముల వరుస" అని ఖాతాలు తెరచి, ఆయా తప్పులను ఎక్కింపవలెను. నెల తిరుగునప్పటికి ఏ ఖాతాలో బాకీ యెక్కువయో బాలునికే తెలియును. బాకీ తెలిసినవాడు తీర్చుకొనగలడు, తెలియనివాడెట్లు తీర్చును?

వారమున కొక్క చిన్న పాఠము చాలును. సోమవారమున ఆరేడు వాక్యములు పైకి చదివి, క్రియలను గుర్తించి, అర్థము తెలిసికొనవలెను. మంగళవారమున వానిని తెలుగున వ్రాయవలెను. బుధవారము విడువవలెను; ఈ విడుపు ముఖ్యము, మరపు కొంత కలిగిననే గదా బుద్ధి వెదకుట! గురువారమున పుస్తకము మూసి ఆంగ్లము చేయవలెను. శుక్రవారమున సరిచూచి తప్పులను చిట్టాలో వ్రాయవలెను. శనివారమున ఆవర్జా. ఆదివారమున ఊరిని గూర్చియో, చేనిని గూర్చియో, సంతను గూర్చియో స్వంతముగా అయిదు వాక్యములు. దినమునకు అరగంటకు మించి అక్కరలేదు.

ఇంటిలో ఆంగ్లము తెలిసినవారు లేరు, సరిచూచువారెవ్వరు అని తల్లిదండ్రులు అడుగుదురు. మూలపుస్తకమే సరిచూచునని ఇంతకుమునుపే విన్నాము. దానికి తోడు మరియొక సాయము కలదు. 1789 లో మద్రాసు నగరమున అనాథబాలుర పాఠశాలకు అధిపతియైన ఆండ్రూ బెల్ అను నతడు, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుచుండుట చూచెను. ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టదలపగా అచ్చటి ఉపాధ్యాయులు అంగీకరింపలేదు. అంతట ఆయన కొంచెము చదివిన బాలుని నియమించి చిన్నవారికి చెప్పించెను. బాలుడు బాలునికి చెప్పుట బాగుగా సాగెను. బెల్ స్వదేశమునకు మరలి 1797 లో ఈ ప్రయోగమును గూర్చి గ్రంథము ప్రకటించగా, ఇంగ్లండులోని అనేక పాఠశాలలు మద్రాసు పద్ధతి యనుపేర దానిని గైకొనెను. మన వీధిబడుల అరుగులమీది ఆచారము సముద్రము దాటి గౌరవింపబడెను. మనమే దానిని మరచితిమి. తొమ్మిదవ తరగతి బాలిక ఆరవ తరగతి బాలునికి చెప్పినచో ఇద్దరికిని లాభమే, ఏలయన చెప్పువానికి పాఠము రెండవసారి వచ్చును.

చదువురాని తల్లియు ఒక పని చేయగలదు. "ఈ దినము చదివిన కథ నాకు తెలుగులో చెప్పుము" అని యడుగవచ్చును. బిడ్డ తడబడక చెప్పినచో పాఠము వచ్చినట్లు, తడబడినచో రానట్లు. ఈ పరీక్షకు ఆంగ్లము అక్కరలేదు, శ్రద్ధ చాలును.

నేడు మరియొక చిక్కు వచ్చినది. చేతిలోని ఫోను ప్రశ్న చూపినంతనే జవాబు వ్రాసి యిచ్చుచున్నది. తెలుగును ఆంగ్లము చేయుచున్నది. ఇది గైడుకంటె బలమైన గైడు. దీనిని దూషించి ప్రయోజనము లేదు. బాలుడు తాను వ్రాయకమునుపు దీనిని చూచినచో అది నకలు. వ్రాసిన పిదప చూచినచో అది సరిచూచుట. ఉచ్చారణ వినుటకు అది మంచి సాధనమే. వరుస ఒక్కటి తప్పకున్న చాలును: ముందు తన బుద్ధి, పిమ్మట యంత్రము.

ఆంగ్లముపై ఇంత శ్రమపడినచో తెలుగు చెడునేమో యని శంకించు పెద్దలున్నారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోల్డుస్మితు 1766 లో ప్రకటించిన వికార్ ఆఫ్ వేక్ఫీల్డు అను ఆంగ్ల నవలను చదివి, దాని ఛాయను గైకొని, తెలుగువారి ఆచారవ్యవహారములతో రాజశేఖర చరిత్రమును రచించిరి. ఆ తెలుగు నవల మరల 1887 లో ఆంగ్లమునకు పరివర్తితమై లండనులో వెలువడెను. ఇక సి. పి. బ్రౌనుగారు 1817 లో ఉద్యోగార్థము మద్రాసు చేరి, తెలుగక్షరములు మొదలుకొని నేర్చి, మన పండితుల యెదుట శిష్యునివలె కూర్చుండి, 1852 లో గొప్ప తెలుగు నిఘంటువును ప్రకటించిరి. పరభాషను శ్రద్ధతో అభ్యసించినవారు స్వభాషకు దూరము గాలేదు. ఇంటిపాఠములోని వాక్యము తెలుగునుండి ఆంగ్లమునకును, ఆంగ్లమునుండి తెలుగునకును నడచునప్పుడు రెండు భాషలును పదునెక్కును. మంచి తెలుగు వాక్యము వ్రాయలేనివాడు మంచి ఆంగ్ల వాక్యమును వ్రాయుట అరుదు.

ఆంగ్లము వచ్చుటవలన కలుగు లాభము ఉద్యోగమొక్కటియే కాదు. మాత్రల అట్టమీది సన్నని అక్షరములు, బ్యాంకు కాగితములోని షరతులు, కచేరినుండి వచ్చిన నోటీసు, ఇవి చదువలేక ఊరివారు ఎవ్వరినో యాశ్రయించి, రుసుము చెల్లించి, చెప్పినది నమ్మి సంతకము చేయుచున్నారు. ఇంటిలో ఒక్క బిడ్డకు అర్థము చేసికొని చదువుట వచ్చినచో ఆ యింటికి కాపుదల కలిగినట్లే.

ఇక గ్రంథాలయమునకు ఇందు భాగమేమి? ఫ్రాంక్లిన్ బాల్యమున పుస్తకములు కొనలేక, పుస్తకముల యంగడులలోని పనివాండ్రతో స్నేహము చేసి, సాయంకాలము తెచ్చిన గ్రంథమును రాత్రియంతయు చదివి ఉదయము మరల నిచ్చెడివాడు. ఆ కష్టము తెలిసినవాడు గావున, 1731 లో ఫిలడెల్ఫియా నగరమున ఏబదిమంది చందాదారులను చేర్చి, ఒక్కొక్కరివలన మొదట నలువది షిల్లింగులును, పిమ్మట ఏటేట పది షిల్లింగులును గైకొని గ్రంథాలయమును స్థాపించెను. చేతిపనివారును, చిన్న వర్తకులును దానివలన చదువరులైరి. ఆయన పెద్దవాడైన తరువాత ఇటాలియను భాష నేర్చుచు, అదే భాష నేర్చుచున్న స్నేహితునితో చదరంగమాడునప్పుడు, ఓడినవాడు వ్యాకరణములో కొంతభాగము వల్లించుటయో, ఒక పాఠము భాషాంతరీకరించుటయో చేసి తీరవలెనని పందెము వేసికొనెను. ఇంటిపాఠము సరదాగా నడచుటకు ఇంతకంటె ఉపాయమేమి కావలెను?

మన గ్రంథాలయమును చందాదారుల చిన్న చందాలతోనే నిలిచినది. రజతోత్సవపు గుర్తుగా ఇచ్చట మూడు పనులు ప్రారంభించిన బాగుండును. సాయంకాలము ఒక గంటసేపు ఒక బల్లను ఇంటిపాఠమునకై విడువవలెను. ఆ బల్లపై మంచి ఆంగ్ల - తెలుగు నిఘంటువొకటి, చిన్న వాక్యములతో సులభముగా నున్న ఆంగ్ల కథల పుస్తకములు పదియో పండ్రెండో ఉంచవలెను. పెద్దతరగతుల పిల్లలు వంతులవారీగా చిన్నవారి ప్రక్కన కూర్చుండవలెను. ఆ బల్లపైకి గైడు మాత్రము రాకూడదు. దీనికగు వ్యయము స్వల్పము. దీపము వెలుగుచునే యున్నది, బల్ల యున్నది, పిల్లలున్నారు.

మహాశయులారా! రైతు విత్తనమును సంచిలో నుంచి చూచుకొని మురియడు. మట్టిలో మరుగుపరచి, కొన్నాళ్లు ఓర్చి, మొలకను చూచును. చదివినదానిని కొన్నిదినములు మనస్సులో మరుగుపరచి, పుస్తకము మూసి, తిరిగి మొలిపించు నేర్పే ఇంటిపాఠము. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఈ దినము మన ముందు నేలమీద కూర్చున్న బాలబాలికలే ఈ వేదికమీద నిలిచి, ఏ భాషలో నైనను బెదరక ప్రసంగించెదరు గాక.

స్వస్తి.